కంప్యూటర్ విండోస్ లోగో దాకా వచ్చి మళ్లీ మొదటికి పోతోంది. ఫార్మాట్ తప్ప దారి లేదా?

పేట డీటీపీ:
నమస్కారమండీ. నరసరావుపేటలో డీటీపీ చేస్తాను. శుభలేఖలు, కరపత్రాలు, గృహప్రవేశం కార్డులు. 2012లో అసెంబుల్ చేయించిన సిస్టమ్: ఐ3, హెచ్61 బోర్డు, 2 జీబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ. ఎక్స్‌పీ ఇంకా ఎందుకని అడగకండి, నా పనంతా పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్), అను తెలుగు ఫాంట్లలోనే. 2014లో దానికి అప్‌డేట్లు ఆగిపోయిన దగ్గర్నుంచి ఆ సిస్టమ్‌కి నెట్ కూడా పెట్టలేదు.

మా ఆడపడుచు కూతురి పెళ్లికి వెళ్తూ షాపు మెయిన్ ఆపేసి, మూడు రోజుల తర్వాత వచ్చి ఆన్ చేశాను. ఫ్యాన్ తిరిగింది, ఒక బీప్ వచ్చింది, విండోస్ లోగో కూడా వచ్చింది. దాని కింద నీలం గళ్లు రెండు మూడు సార్లు కదిలాయి, రెప్పపాటులో నీలం తెర మెరిసింది, అంతే, మళ్లీ మొదటి నుంచి. పొద్దున్నుంచి ఇదే తంతు.

ఇక్కడి మెకానిక్ చూసి విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలన్నాడు. డి డ్రైవ్‌లో ఫైళ్లకి ఏమీ కాదంటున్నాడు గానీ, నా అను సీడీ గీతలు పడి చదవట్లేదు. సి డ్రైవ్ పోతే ఆ ఫాంట్లు మళ్లీ ఎక్కించుకునే దారి నాకు లేదు. ఒక పెళ్లివారి కార్డు ప్రూఫ్ ఎర్ర పెన్ను దిద్దుబాట్లతో బల్ల మీదే ఉంది, ఎల్లుండికి ఇవ్వాలి. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా దారి చెప్పండి.

రాజు_హార్డ్‌వేర్:
ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టండి. పాత సిస్టమ్‌లలో ఎక్కువగా అదే.

పాత బోర్డులు:
రాజు గారూ, ఒక్క బీప్ వచ్చి లోగో దాకా వెళ్తోందంటే ర్యామ్‌ని బోర్డు గుర్తుపట్టినట్టే. ముందు అటు వెళ్లక్కర్లేదు.

అక్కా, ఫార్మాట్ మాత్రం చేయనివ్వకండి. రెండు సంగతులు చూసి చెప్పండి. ఆన్ చేయగానే డిలీట్ కీ కొడుతూ ఉంటే బయాస్, అంటే బోర్డు సెట్టింగుల తెర, తెరుచుకుంటుంది, అందులో తేదీ ఎంత చూపిస్తోంది? తర్వాత మళ్లీ ఆన్ చేసి ఎఫ్8 కొడుతూ ఉండండి. వచ్చే మెనూలో సిస్టమ్ ఫెయిల్యూర్ మీద ఆటోమేటిక్ రీస్టార్ట్‌ని డిజేబుల్ చేసే వరుస ఉంటుంది. అది ఎంచుకుంటే నీలం తెర మెరిసి పోకుండా నిలబడుతుంది. స్టాప్ అన్న మాట పక్కన ఏ కోడ్ ఉందో చూడండి.

పేట డీటీపీ:
తేదీ 2011 జనవరి 1 అని ఉంది తమ్ముడూ! నీలం తెర మీద సున్నా, ఎక్స్, తర్వాత వరసగా సున్నాలు, చివర 7బీ.

పాత బోర్డులు:
అయితే మీ విండోస్‌కి ఏమీ కాలేదక్కా. బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, సీఆర్2032, 3 వోల్టులది. అది అయిపోయింది. రోజూ ప్లగ్ స్విచ్ వేసే ఉంచేవారు కదా, కంప్యూటర్ ఆపినా ఎస్‌ఎంపీఎస్ (లోపలి కరెంటు సరఫరా పెట్టె) నుంచి బోర్డుకి కొద్దిగా కరెంటు అందుతూనే ఉంటుంది, అందుకే సెల్ చచ్చినా తెలియలేదు. మూడు రోజులు మెయిన్ ఆపేసరికి బోర్డు తేదీతో సహా తన సెట్టింగులన్నీ మరచిపోయింది.

ఎక్స్‌పీ ఎక్కించిన రోజున హార్డ్ డిస్క్‌ని ఐడీఈ అనే పాత పద్ధతి మోడ్‌లో పెట్టి ఉంటారు. ఇప్పుడు బోర్డు సొంతంగా కొత్త పద్ధతి అయిన ఏహెచ్‌సీఐకి మారింది. ఎక్స్‌పీలో దానికి డ్రైవర్ ఉండదు, కాబట్టి లోగో దాటాక తన డిస్క్ తనకే కనబడదు. 7బీ అంటే అదే.

ప్లగ్ తీసేయండి. క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకుని, సెల్ అంచున ఉన్న చిన్న క్లిప్పు పక్కకి నొక్కితే సెల్ లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. బయాస్‌లో శాటా మోడ్ అన్నచోట ఐడీఈ ఎంచి, తేదీ సరిచేసి, ఎఫ్10 కొట్టి సేవ్ చేయండి. సెల్ మార్చాకే సెట్టింగ్ మార్చండి, లేకపోతే అది మళ్లీ పోతుంది.

రాజు_హార్డ్‌వేర్:
తేదీ అడగాలని నాకు తట్టలేదు. మంచి సంగతి నేర్చుకున్నాను.

పేట డీటీపీ:
వచ్చేసింది తమ్ముడూ!! సెల్ వాచీల కొట్లో 40 రూపాయలకి దొరికింది. శాటా మోడ్ నిజంగానే ఏహెచ్‌సీఐ అని ఉంది. ఐడీఈ చేసి సేవ్ కొట్టగానే నా డెస్క్‌టాప్ ఎలా వదిలి వెళ్లానో అలాగే తెరుచుకుంది. పేజ్‌మేకర్ తెరిచి "శ్రీరస్తు శుభమస్తు" టైపు చేసి చూశాను, ఒత్తులతో సహా సరిగ్గా వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మీ మేలు మరచిపోను.

పాత బోర్డులు:
సంతోషం అక్కా. ఆ హార్డ్ డిస్క్ వయసు కూడా సిస్టమ్ వయసే కదా. కార్డు ఇచ్చేశాక డిస్క్ మొత్తాన్ని, అంటే డి డ్రైవ్ ఒక్కటే కాదు, విండోస్‌తో సహా ఇంకో డిస్క్‌లోకి క్లోన్, అంటే ఉన్నదున్నట్టు నకలు, చేయించండి. అను ఫాంట్లు కూడా అలాగే వచ్చేస్తాయి.

పేట డీటీపీ:
ఎల్లుండి సాయంత్రం కార్డులు ఇచ్చేస్తాను. ఆ మర్నాడే గుంటూరు వెళ్లి చేయించుకొస్తాను. కొత్త డిస్క్ 500 జీబీది సరిపోతుందా? పాతది కూడా 500 జీబీనే.

పాత బోర్డులు:
సరిపోతుంది. పాతదాని కన్నా కొంచెం కూడా తక్కువ ఉండకుండా చూసి తీసుకోండి.