రక్తదాతల మిగులు సీరంతో దోమకాటు వైరస్‌ల పాత లెక్క తేలుతుందా?

సీరంపెట్టె: రక్తనిధిలో హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలయ్యాక ట్యూబులో మిగిలే సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం, ఎలాగూ పారేసేదే. అందులో అర మిల్లీలీటరు ఫ్రీజర్‌లో దాచి ఐజీజీ ఎలైజా (పాత సోకుడుకు గుర్తుగా మిగిలే ఐజీజీ యాంటీబాడీలను రంగుతో చూపే పరీక్ష) చేస్తే డెంగీ, జికా, చికున్‌గున్యా ఎందరికి సోకిపోయాయో తెలుస్తుంది. డెంగీ సోకినవాళ్లలో చాలామందికి లక్షణాలే ఉండవు, వాళ్లు ఆసుపత్రి రికార్డుల్లోకి రారు. ఇంటింటికీ తిరిగి రక్తం తీయడం కన్నా ఇదే నయం.

ప్లాక్‌లెక్క: చికున్‌గున్యా వరకు చాలాచోట్ల సరే. డెంగీ, జికా, వెస్ట్ నైల్, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ మాత్రం అన్నీ ఒకే కుటుంబానికి చెందిన ఫ్లేవీవైరస్‌లు. ఒకదాని యాంటీబాడీ ఇంకొకదాని ఎలైజాలో రంగు తెప్పిస్తుంది. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నా అంతే. పాజిటివ్‌లకు న్యూట్రలైజేషన్ (సీరం ఏ వైరస్‌ను ఎంత బాగా ఆపుతుందో చూసే పరీక్ష) తప్పదు: సీరం 56 డిగ్రీల్లో అరగంట వేడిచేసి, రెట్టింపు పలచనలు కట్టి, వైరస్‌తో గంటసేపు ఉంచి, వీరో కణాల (ల్యాబులో పెంచే కోతి కిడ్నీ కణాలు) మీద వేయాలి. ఒక వైరస్ టైటర్ (దాన్ని ఇంకా ఆపగలిగిన చివరి పలచన) మిగతావాటికి కనీసం నాలుగు రెట్లుంటేనే దాని పేరు రాయండి. రెండు ఫ్లేవీవైరస్‌లు సోకినవాళ్లలో అదీ తేలదు, ‘ఫ్లేవీ పాజిటివ్’ అని వదిలేయడమే. అన్నట్టు, ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా చేసే రసాయనం) ట్యూబు ప్లాస్మా వాడకండి. అది కాల్షియం లాగేస్తే కణాలు అడుగు వదిలి తేలిపోతాయి, అది వైరస్ పనే అనుకుంటారు.

సీరంపెట్టె: వేల నమూనాలకు అంత పని ఎవరు చేస్తారండీ? కిట్ నిర్దిష్టత (సోకనివాళ్లను నెగటివ్‌గా చూపే శాతం) 95 అని అట్టమీదే ఉంటుందిగా.

శాతాలరావు: ఆ 95తోనే లెక్క వేద్దాం. వెయ్యిమంది దాతలు, నిజంగా సోకింది 2 శాతానికి, కిట్ సున్నితత్వం (సోకినవాళ్లను పట్టుకునే శాతం) 90. ఇరవైమందిలో 18 పట్టుకుంటుంది. మిగతా 980లో 49 తప్పుడు పాజిటివ్‌లు. మీరు ప్రకటించేది 6.7 శాతం! మొత్తానికి దిద్దుబాటు ఉంది: 0.067కు 0.95 కలిపి 1 తీసేసి, 0.85తో (0.90, 0.95 కలిపి 1 తీసేస్తే వచ్చేది) భాగిస్తే మళ్లీ 0.02 వస్తుంది. కానీ ఆ 67 మందిలో ఎవరిది నిజమో ఇది చెప్పదు. పైగా అట్టమీది 95 సాధారణంగా ఇతర ఫ్లేవీవైరస్‌లు లేనిచోటి సీరంతో కట్టింది. అవి తిరిగేచోట ఇంకా పడిపోతుంది.

ప్లాక్‌లెక్క: పిల్లలు దాతల్లో ఉండరు, జ్వరమొచ్చినవాళ్లను వెనక్కి పంపుతారు. వయసు, లింగం, ప్రాంతం బట్టి తూకం వేసినా పిల్లల లోటు పూడదు.

సీరంపెట్టె: పిల్లల సంగతి ఒప్పుకుంటా. అయితే మళ్లీ మళ్లీ ఇచ్చే దాతలున్నారుగా? మొదటి నమూనా, ఏడాది తర్వాతది ఒకే ప్లేటులో పక్కపక్కన పెడితే, నెగటివ్ నుంచి పాజిటివ్‌కు మారినవాళ్లే ఆ ఏడాది సోకినవాళ్లు. ఇంటింటి సర్వేలో అంత తేలిగ్గా దొరకదు.

శాతాలరావు: అదైతే చేయదగ్గ పని. మధ్యలో టీకా వేయించుకున్నవాళ్లను పక్కనపెట్టండి. రెండు నమూనాలను కలపాలంటే దాత కోడ్ ఉంచాలి కాబట్టి, పేరు తీసేసినా సమ్మతి పత్రంలో ఆ మాట ముందే ఉండాలి.