చికెన్‌ని టమాటా, ఉల్లిగడ్డ, తెల్లగడ్డలో మగ్గబెడితే ముక్క పీచైంది, గ్రేవీ నీళ్లైంది, యాడ తప్పు జరిగింది?

సంగటిముద్ద, అనంతపురం

ఫ్రెండ్స్ ఒక డౌట్. మొన్న ఆదివారం అమ్మ ఇంట్లో లేదు, పెండ్లికని తాడిపత్రి పోయింది, నేనూ మా నాయనా ఇద్దరమే. ఎప్పుడూ చేసే మసాలా కూర కాకుండా కొత్తగా ఏదైనా చేద్దామని ఫోన్‌లో వీడియోలు చూస్తాంటే ఒకటి దొరికింది, ఫారినోళ్లు చికెన్ పెద్ద పెద్ద ముక్కలే నూనెలో ఎర్రగా కాల్చి, అదే గిన్నెలో ఉల్లిగడ్డ, తెల్లగడ్డ, టమాటా వేసి మూతపెట్టి సన్న మంట మీద గంటసేపు వదిలేస్తాండారు, దాన్ని బ్రేజింగ్ అంటారంట. ఆఖర్లో గరిటెతో ఇట్ల తాకితే చాలు ముక్క ఎముక నుంచి జారిపోతాంది. మసాలాలు కూడా పెద్దగా ఏం లేవు, ఇంత సింపులా అని దిగినా.

1 కిలో చికెన్ తెచ్చినా, ఎట్ల కొట్టమంటావంటే అలవాటు కొద్దీ కర్రీ కట్ అని చెప్పినా. నూనె బాగా కాగినాక ఫస్ట్ తెల్లగడ్డ దంచి వేస్తే నిమిషంలో నల్లగా అయిపోయింది, సరేలే అని చికెన్ మొత్తం ఒకేసారి గిన్నెలో వేసినా, ఎర్రగా కాలుతాదని చూస్తాంటే అది నీళ్లు వదిలి తెల్లగా ఉడకబట్టింది. ఇంగ నాలుగు ఉల్లిగడ్డలు, ఏడెనిమిది టమాటాలు ఒకటేసారి వేసి, అడుగంటుతాదేమోనని అర లీటరు నీళ్లు కూడా పోసి మూత పెట్టినా. 50 నిమిషాలు. మూత తీస్తే టమాటా తొక్కలు పైన తేలుతాండాయి, ఉల్లిగడ్డ పంటికింద కరకరమంటాంది (ఇంతసేపు పెట్టినా ఉల్లిగడ్డ ఉడకదా అసలు??), రొమ్ము ముక్కలు కొబ్బరి పీచు, పులుపు చూస్తే ఒకటే పులుపు, అడుగున చేదు. మా నాయన ఒక ముద్ద తిని చారు బాగుంది, కూర ఏదిరా అన్నాడు. నిజంగా అడిగినాడో ఎగతాళి చేసినాడో ఇప్పటికీ అర్థం కాలేదు.

వచ్చే ఆదివారం మళ్లా చేద్దామనుకుంటాండా. అమ్మ వచ్చేలోపల ఒకసారైనా కుదరాల. తెలిసినోళ్లు చెప్పండి.

ఎర్రగడ్డక్క, ప్రొద్దుటూరు

నాయనా, మీ నాయన శానా మంచోడు, మా ఇంట్లో ఐతే గిన్నెతో సహా నన్ను బయట పెట్టిందురు. నువ్వు చేసింది ఉడకబెట్టడం, ఆ వీడియోలో చేసింది మగ్గబెట్టడం, రెండిటికీ శానా తేడా ఉండాది. మగ్గేదానికి బయటి నీళ్లు అక్కర్లేదు, ఎర్రగడ్డలో ఉండే నీళ్లు, టమాటాలో ఉండే నీళ్లు, కోడి వదిలే నీళ్లు, ఇవే ఎక్కువ. నువ్వు దానిమీద ఇంకో అర లీటరు పోస్తే చారు కాక ఏమైతాది.

ఎర్రగడ్డ కరకరమనిందంటివే, అది టమాటా పులుపు చేసిన పని. పులుపు తగిలిన ఎర్రగడ్డ తొందరగా మెత్తబడదు, గట్టిగా అట్లనే నిలబడిపోతాది. కందిపప్పులో చింతపండు ముందే వేస్తే పప్పు బద్దలు బద్దలుగా ఉండిపోతాది చూడు, ఇదీ ఆ లెక్కే. అందుకని ముందు ఎర్రగడ్డలు ఒకటే వెయ్యాల, రోంత ఉప్పు జల్లి, మంట తగ్గించి, 15-20 నిమిషాలు కలబెడతా ఉండు. నాలుగు గడ్డలు తరిగితే గిన్నె నిండా ఉంటాయి, మగ్గేకొద్దీ దిగి దిగి పిడికెడు అయితాయి, బెల్లం రంగు వస్తాది, గరిటెకు అంటుకుంటా ఉంటాది. ఆ పిడికెడే నీ గ్రేవీకి చిక్కదనమూ తీపీ. అది అయినాకనే టమాటా. మా అత్త ఐతే ఎర్రగడ్డ వేగేటప్పుడు ఎవరైనా పిలిచినా పలికేది కాదు.

గడ్డలు ఏవైనా పర్లేదు గానీ పెద్దవి తీసుకో. మా జిల్లాలో మైదుకూరు పక్క పండే కేపీ (కృష్ణాపురం రకం) ఎర్రగడ్డలు చిన్నవి, ఘాటు ఎక్కువ, అవి ఎక్కువగా ఎగుమతికే పోతాయి, యాడన్నా దొరికినా సంగటిలోకి పచ్చిగా కొరుక్కోను బాగుంటాయి గానీ, ఈ కూరకి వాటిని పొట్టు తీసుకుంటా కూర్చుంటే ఏడుపే.

తెల్లగడ్డ దంచి కాగే నూనెలో వేసేది తాలింపు పద్ధతి, అది రెండు సెకన్ల పని. ఇక్కడ గంట పొయ్యి మీద ఉండాల కదా, అందుకని ఒక గడ్డ మొత్తం పాయలు పాయలుగా పొట్టు తీసి, దంచకుండా, ఎర్రగడ్డ రంగు మారినాక వెయ్యి. గంట అయ్యేసరికి వెన్న మాదిరి అయిపోతాయి, గరిటెతో అదిమితే గ్రేవీలో కలిసిపోతాయి, ఘాటే ఉండదు.

ఇంగో మాట, మూత మీద రోంత గుంతగా ఉండే పళ్లెం పెట్టి దాంట్లో చల్లనీళ్లు పొయ్యి. లోపలి ఆవిరి ఆ చల్లదనానికి మళ్లా నీళ్లై కూరలోకే కారుతాది, అడుగంటదు.

వంటమాస్టర్, కర్నూలు

అక్క ఉల్లిగడ్డ గురించి చెప్పింది కరెక్ట్, నేను కోడి గురించి చెప్తా. తమ్ముడూ, కర్రీ కట్ అన్నప్పుడే సగం కూర పోయింది. కర్రీ కట్‌లో రొమ్ము, తొడ, వీపు, మెడ అన్నీ కలిపి చిన్నచిన్నగా కొడతారు, ఆ చిన్న రొమ్ము ముక్క 15 నిమిషాలకే అయిపోతది, తొడకేమో ఇంకా టైం కావాల. నువ్వు రెండింటినీ 50 నిమిషాలు పెడితివి, రొమ్ము పీచు కాక ఏం చేస్తది పాపం. ఈ కూరకి ఫుల్ లెగ్ పీసులు తీసుకో, తొడా కాలూ విడదీయించు, అంతే. నలుగురికి నాలుగు లెగ్గులు. స్కిన్ ఉంచమని చెప్పు, మనోళ్లు అడగకుంటే స్కిన్ పీకి పారేస్తారు, కాల్చేటప్పుడు ఆ స్కిన్ కొవ్వే నీకు సగం నూనె.

ముక్క ఎర్రగా కాలలేదంటే రెండే కారణాలు, తడి, గుంపు. కడిగినాక జల్లెట్లో వేసి పెట్టు, తర్వాత శుభ్రమైన పాత పంచె గుడ్డతో ఒక్కో ముక్క తుడువు. తడి ముక్క మీద వేడి అంతా నీళ్లు ఆవిరి చేసేదానికే పోతది, ఎరుపు ఎప్పుడొస్తది. ఒకసారికి నాలుగే ముక్కలు, స్కిన్ పక్క కిందికి. పెట్టినాక కదిలించద్దు, అంటుకుందని గోకద్దు, కాలినాక అదే వదులుతది, నాలుగైదు నిమిషాలు. పోయినేడు నాకు ఒక షాపోడు ఐస్ కోడి ఫ్రెష్ అని అంటగట్టినాడు, పది కిలోలు, గిన్నెలో వేస్తే చెరువు, ఆ రోజు ఫంక్షన్‌లో నా పరువు పోయింది, అప్పట్నుంచి కళ్ల ముందు కొట్టిస్తేనే తెస్తున్నా.

కాల్చినాక గిన్నె అడుగున గోధుమ రంగు పొర అంటుకుని ఉంటది, మాడిపోయిందని కడిగేస్తారు కొందరు, అయ్యో అదే రుచి అంతా. ఉల్లిగడ్డ దాంట్లోనే వెయ్యి, దాని నీళ్లకే పొర కరుగుతది, చెక్క గరిటెతో గీకు.

టమాటా: నాటువి పులుపు ఎక్కువ రసం ఎక్కువ, కోలగా గట్టిగా ఉండే హైబ్రిడ్‌వి కండ ఎక్కువ. ఈ కూరకి నేను హైబ్రిడ్‌వే వాడతా, బాగా పండినవి 5 చాలు కిలో చికెన్‌కి. మా పత్తికొండ, ప్యాపిలి మార్కెట్లలో సీజన్‌లో కుప్పలు పడి ఉంటాయి, ధర పడిపోతే రైతు రోడ్డు మీద పారబోసి పోతాడు, అదే 2023 జులైలో కిలో 100 దాటినప్పుడు నేను ఇదే కూరలో రెండు టమాటాలతో సరిపెట్టినా, ఎవ్వరూ కనిపెట్టలేదు, ఉల్లిగడ్డ సరిగ్గా మగ్గితే అంతే. తొక్క తేలకుండా ఉండాలంటే కింద గాటు పెట్టి మరిగే నీళ్లలో నిమిషం ముంచి తీయి, చొక్కా విప్పినట్టు వచ్చేస్తది.

సత్తు గిన్నెలో మాత్రం చేయద్దు, టమాటా పులుపు గంటసేపు ఉంటే ఒకరకమైన లోహం రుచి వస్తది. మందం అడుగు స్టీలు గిన్నె, లేదంటే మట్టి సట్టి.

కారందోసె

ఇదంతా మా అమ్మ వారానికోసారి చేసే టమాటా చికెన్. దీనికి బ్రేజింగ్ అని పేరు పెట్టి గంటసేపు గ్యాస్ కాల్చాల్నా? కుక్కర్‌లో మూడు విజిల్స్, అయిపోయె.

వంటమాస్టర్, కర్నూలు

మూడు విజిల్స్ నాటుకోడికి చాలవు, బ్రాయిలర్‌కి ఎక్కువ. బ్రాయిలర్ అంటే ఆరేడు వారాల పిల్ల అన్నా, కుక్కర్‌లో 120 డిగ్రీల దగ్గర ఆవిరిలో వేస్తే ఎముకలు ఒకపక్క గుజ్జు ఒకపక్క. మీ అమ్మ కూర బాగుంటదిలే, కాదనలే.

జంక్షన్ కుర్రోడు, గుంతకల్లు

నేను బెంగళూరులో ఒక హోటల్ కిచెన్‌లో ఆరేళ్లు చేశాను, ఇటాలియన్ సెక్షన్. మీరు చూసిన వీడియో బహుశా కచ్చతోరా అయి ఉంటుంది, అక్కడి భాషలో వేటగాడి పద్ధతి అని అర్థం. కోడి గానీ కుందేలు గానీ కాల్చి, ఉల్లి, వెల్లుల్లి, టమాటా, కాస్త వైన్, రోజ్‌మేరీ లాంటి ఆకులు వేసి మగ్గబెడతారు. ఉత్తరం వైపు వైట్ వైన్, దక్షిణం వైపు రెడ్ వైన్ ఎక్కువ. వైన్ లేదని మన దగ్గర కొందరు వెనిగర్ పోస్తారు, వద్దు, టమాటా పులుపు ఉండనే ఉంది కదా. రోజ్‌మేరీ కోసం ఊరంతా తిరగక్కర్లేదు, రెండు రెబ్బల కరివేపాకు వేయండి, అప్పుడది కచ్చతోరా కాదు, కానీ బాగుంటుంది.

రొమ్ము ఎందుకు ఎండింది తొడ ఎందుకు ఎండదు అంటే, తొడలో కీళ్ల దగ్గర బంక లాంటి కొల్లాజెన్ ఎక్కువ. 70 డిగ్రీలు దాటాక అది నిదానంగా కరిగి జెలటిన్ అవుతుంది, ముక్కకి ఆ జారుడుతనం, గ్రేవీకి పెదాలకి అంటుకునే గుణం దానివల్లే. రొమ్ములో అది తక్కువ, అదే వేడికి కండ బిగుసుకుని రసం పిండేసుకుంటుంది, ఇంకంతే. తినడానికి ఏ ముక్కైనా లోపల 74 డిగ్రీలు రావాలి, తొడ మాత్రం 85-90 దాకా పోతేనే రుచి. థర్మామీటర్ లేకపోతే కాలి కీలు దగ్గర కత్తి మొన గుచ్చండి, అడ్డం లేకుండా దిగితే అయిపోయినట్టే.

గ్రేవీ ఎప్పుడూ కుతకుతలాడకూడదు, అక్కడొకటి ఇక్కడొకటి బుడగ రావాలి. కూర మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున చూడండి, గ్రేవీ జెల్లీలా గడ్డకట్టిందంటే మీరు పాస్. రుచి కూడా రెండో రోజే బాగుంటుంది.

సంగటిముద్ద, అనంతపురం

అందరికీ థ్యాంక్స్, నోట్ చేసుకుంటాండా. రెండు డౌట్లు. మా స్టవ్ సిమ్‌లో పెట్టినా కూర గళగళమంటాది. రెండోది మా నాయనకు కారం లేకుంటే ముద్ద దిగదు, వేయచ్చా?

ఎర్రగడ్డక్క, ప్రొద్దుటూరు

చిన్న బర్నర్ మీద పెట్టి కింద పాత దోసె పెనం పెట్టు నాయనా, పెనం మీద గిన్నె. వేడి నిదానంగా తగుల్తాది. కారంపొడి టమాటా వేసేముందు ఎర్రగడ్డల్లో కలిపి ఒక నిమిషం వేపు, పచ్చివాసన పోవాల. రాయలసీమలో పుట్టి కారం వేయచ్చా అని అడుగుతాండావు చూడు.

సంగటిముద్ద, అనంతపురం

అప్‌డేట్. నిన్న చేసినా. ఆరు లెగ్ పీసులు, స్కిన్‌తో, పంచె గుడ్డతో తుడిచి (నాయన పంచె, అడగలేదు), మూడు మూడు చొప్పున కాల్చినా, మాస్టర్ చెప్పినట్టే ఫస్ట్ అంటుకుని తర్వాత అదే వదిలింది, స్కిన్ రంగు చూసి నేనే ఫోటో తీసుకున్నా. ఉల్లిగడ్డకి 20 అనుకుంటే 25 నిమిషాలు పట్టింది, మధ్యలో రెండుసార్లు చాలులే అనిపించింది కానీ ఆగినా. నీళ్లు ఒక్క చుక్క పోయలేదు, నమ్మకం లేక మూత తీసి తీసి చూసినా, పది నిమిషాలకి ముక్కలు సగం దాకా మునిగేంత రసం దానంతట అదే వచ్చింది. పెనం ఐడియా సూపర్ అక్కా. మొత్తం 55 నిమిషాలు, ఆఖరి పది నిమిషాలు మూత తీసేసి, నూనె పైకి తేలిందాకా. తెల్లగడ్డ పాయలు నిజంగానే వెన్న.

సంగటి కెలికేది నాకు సరిగ్గా రాదు, ఉండలు కట్టింది, నాయన ఏమీ అనలేదు. మూడో ముక్క వేసుకుంటా మీ అమ్మకి ఒకటి తీసిపెట్టు అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడలే. పొద్దున ఫ్రిజ్‌లో గ్రేవీ గడ్డకట్టి ఉండాది, గుంతకల్లు అన్నా నేను పాస్.

ఒకటే ప్రాబ్లం. ఆఖర్లో మూత తీసినాక ఫోన్ వస్తే మాట్లాడతా బయటికి పోయినా, గిన్నె అడుగున ఒక పక్క మాడింది, కూరకి వాసన పట్టలేదు గానీ మచ్చ పోవట్లే. సాయంత్రం అమ్మ వస్తాంది, అది ఆమె మంచి గిన్నె. ఏం చేయాల అర్జెంట్‌గా చెప్పండి.

వంటమాస్టర్, కర్నూలు

గోకద్దు. మాడిన చోట మునిగేదాకా నీళ్లు పోసి రెండు చెంచాలు వంటసోడా వేసి పది నిమిషాలు మరగబెట్టి, అట్లనే రెండు గంటలు వదిలెయ్యి. తర్వాత కొబ్బరి పీచుతో తోమితే పోతది.

కారందోసె

పీచు లేకపోతే పోయిన వారం రొమ్ము ముక్కలు మిగిలినాయేమో చూడు.