ఓవర్‌హెడ్ ట్యాంకు పగుళ్లు: డ్రోన్ ఎంత దగ్గరకి వెళ్తే కనపడతాయి?

ఉద్దానం_సివిల్:
సోంపేట వైపు పల్లెలో 60 వేల లీటర్ల ట్యాంకు, 12 మీటర్ల స్తంభాల మీద ఉంది. అడుగు స్లాబులో తుప్పు మరకలు, పెచ్చులూడి ఊచలు బయటపడ్డాయి. చుట్టుగోడ మీద సన్న పగుళ్లున్నాయని అనుమానం. చేతిలో ఉన్నది 249 గ్రాముల డ్రోన్: 24 మి.మీ. లెన్సు, ఫొటో వెడల్పు 4000 పిక్సెళ్లు. 8 మీటర్ల నుంచి తీస్తే పగులో, సున్నం గీతో తేలట్లేదు. పరంజా కట్టక తప్పదా?

పిక్సెల్_లెక్క:
దూరాన్ని మి.మీ.లో వేసి 36తో (ఫుల్‌ఫ్రేమ్ కెమెరా సెన్సర్ వెడల్పు, మి.మీ.లో; డ్రోన్ లెన్సు అంకె దానికి సరిపోల్చి చెప్పేదే) గుణించి, లెన్సు × పిక్సెళ్లతో భాగించండి. 8 మీటర్లకి ఒక్కో పిక్సెల్ 3 మి.మీ. నీటి ట్యాంకుకి ఐఎస్ 3370 (కాంక్రీటు ట్యాంకుల భారత ప్రమాణం) ఒప్పుకునే పగులు 0.2 మి.మీ. పిక్సెల్లో పదిహేనో వంతు, కనపడితేనే వింత! 3 మీటర్లకి జరిగినా 1.1 మి.మీ. దగ్గరే ఆగుతారు. ఇంకా ముందుకెళ్తే సముద్రపు గాలి ఒక్క తోపు తోసినా రెక్కలు గోడకి తగులుతాయి.

162 మి.మీ. టెలీ లెన్సు (దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపేది) ఉన్న డ్రోన్ అద్దెకి తెండి. 5 మీటర్ల నుంచి పిక్సెల్‌కి 0.28 మి.మీ. వస్తుంది, పగులుందని తెలుస్తుంది, వెడల్పు కొలవడానికి మాత్రం చాలదు. గోడంతా టెలీతో తీయకండి. ఫొటోకి 1.1 × 0.8 మీటర్లే పడుతుంది. 16 మీటర్ల చుట్టు, 3 మీటర్ల ఎత్తుని ఒక ఫొటో మీద పక్క ఫొటో 70 శాతం పడేలా తీస్తే ఆరొందలకి దగ్గర ఫొటోలు. ముందు 24తో ఒక చుట్టు, అనుమానమున్న చోటే టెలీ. ప్రతి ఫొటోకీ గాల్లో ఆపండి. సెకనుకి మీటరు కదులుతూ 1/500 షట్టరుతో తీస్తే 2 మి.మీ. చెదిరి పగులు మాయమవుతుంది.

సుత్తి_చప్పుడు:
అడుగు స్లాబుకి డ్రోనే అక్కర్లేదండీ. చాలా చిన్న డ్రోన్ల కెమెరా నిటారుగా పైకి చూడదు. కింద జీపీఎస్ సరిగా అందదు, స్లాబుకి మరీ దగ్గరైతే పైకి లాక్కుంటుంది. నేల మీద స్టాండు వేసి, 6000 పిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి 300 మి.మీ. లెన్సు పెట్టండి. 12 మీటర్లకి 0.24 మి.మీ. పడుతుంది, డ్రోన్ టెలీ కన్నా మెరుగు.

ఉద్దానం_సివిల్:
అయితే పరంజా ఖర్చు మిగిలినట్టేనా?

సుత్తి_చప్పుడు:
తగ్గుతుంది, అంతే. పెచ్చు లోపల గుల్లైందా లేదా సుత్తితో కొడితేనే తెలుస్తుంది. ఉప్పుగాలి ఊరు కాబట్టి క్లోరైడు పరీక్షకి (ఊచల్ని తుప్పు పట్టించే ఉప్పు కాంక్రీటులోకి ఎంత దిగిందో చూసేది) డ్రిల్ పొడి కూడా తీయాలి. ఫొటోల్లో తేలిన నాలుగైదు చోట్లే పరంజా కట్టించండి. సున్నం గీత అనుమానం అక్కడే తీరుతుంది: గోడ తడిపి ఆరనివ్వండి, చుట్టూ ఆరినా పగులు గీత కాసేపు నల్లగానే ఉంటుంది.

పిక్సెల్_లెక్క:
పొద్దున 6.30 నుంచి 9 లోపు ఎగరేయండి, తర్వాత సముద్రపు గాలి లేస్తుంది. ట్యాంకు మీద గద్ద గూడుంటే ముందే చూసుకోండి, అవి డ్రోన్ మీద పడతాయి. ఎగరేసే ముందు డిజిటల్ స్కై (ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు) మ్యాపులో ఆ చోటు ఏ జోన్లో ఉందో, ఎగరేయొచ్చో లేదో చూడండి. అద్దె డ్రోన్ 250 గ్రాములు దాటితే, పని డబ్బుకి చేసేదైతే, పైలట్ సర్టిఫికెట్ ఉన్న మనిషే నడపాలి.