అన్న పీఎస్పీలో పీస్ వాకర్ సేవ్ ఉంది, ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న (బైరాగిపట్టెడ, తిరుపతి)

మా అన్న కువైట్ పోతా పోతా నాకిచ్చిన పీఎస్పీని (సోనీ వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషిన్) నిన్న అటక మీద నుంచి దించాను. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయింది. చూడగానే గుండె జారింది. లోపల ఉన్న డిస్క్ 2010లో వచ్చిన మెటల్ గియర్ సాలిడ్: పీస్ వాకర్ అనే ఆట.

ఇద్దరం చెరొక పీఎస్పీ పట్టుకుని మిద్దె మీద ఆడేవాళ్లం. 1974 నాటి కోస్టారికా కథ. గార్డుల కంట పడకుండా పాక్కుంటూ పోవాలి. ఇద్దరు దూరే అట్టపెట్టె ఒకటి ఉంటుంది, అన్న ముందు, నేను వెనక. నేను తొందరపడితే "ఉండ్రా, వాణ్ని అటు తిరగనీ" అనేవాడు. బెలూన్ కట్టి మన స్థావరానికి పంపిన శత్రు సైనికుల్లో ఎవరిని వంటకి పెట్టాలి, ఎవరిని పరిశోధనకి పెట్టాలి అని గంటలకొద్దీ సర్దేవాడు.

2011లో హెచ్‌డీ వెర్షన్ వచ్చిందని తెలుసు. నాకు కావాల్సింది అన్న సర్దిన ఆ స్థావరం, అంటే ఈ పీఎస్పీలో ఉన్న సేవ్ (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచిన ఫైల్). అక్క కొడుక్కి పదిహేనేళ్లు, వాడితో కలిసి ఆడాలని ఉంది. మా ఇద్దరికీ ఫోన్లే ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు (కట్టమంచి, చిత్తూరు)

తమ్ముడూ, ముందు ఆ బ్యాటరీ జాగ్రత్తగా తీసి పక్కన పెట్టు. గుచ్చొద్దు, చార్జింగ్ పెట్టొద్దు. పీఎస్పీ బ్యాటరీ లేకపోయినా దాని 5 వోల్టుల అడాప్టర్ మీద నడుస్తుంది.

డిస్క్ సంగతి తర్వాత. డిస్క్ ఇంకోటి దొరుకుతుంది, మీ అన్న సేవ్ దొరకదు. కంప్యూటర్‌కి కలిపి, మెమొరీ స్టిక్‌లో పీఎస్పీ ఫోల్డర్ లోపల ఉండే సేవ్‌డేటా మొత్తం రెండు చోట్ల కాపీ పెట్టుకో. ఆ తర్వాత కస్టమ్ ఫర్మ్‌వేర్ (సోనీది కాని, బయటివాళ్లు చేసిన సిస్టమ్ సాఫ్ట్‌వేర్) వేస్తే యూఎస్‌బీ సెట్టింగులో యూఎండీ (పీఎస్పీ డిస్క్ పేరు) ఎంచుకోవచ్చు, డిస్క్ మొత్తం ఐఎస్ఓ అనే ఒకే ఫైల్‌గా కనిపిస్తుంది. నీ డిస్క్ నుంచే తీసుకో. అమెరికా డిస్క్ సేవ్ యూరప్ డిస్క్‌కి పట్టదు.

జవాబు (రేణిగుంట)

ఫోన్లో పీపీఎస్ఎస్పీపీ (డిస్క్ నుంచి తీసిన ఐఎస్ఓని ఫోన్లో నడిపే యాప్) వేసుకోండి, ఉచితం. సేవ్ ఫోల్డర్‌ని దాని సేవ్‌డేటాలో పెడితే చాలు. పీఎస్పీ తెర 480×272 మాత్రమే కాబట్టి రిజల్యూషన్ పెంచితే బొమ్మ బాగా తేటగా వస్తుంది. పీఎస్పీకి బొటనవేలితో తిప్పే స్టిక్ ఒకటే, కెమెరా తిప్పడానికి కుడివైపు బటన్లు నొక్కేవాళ్లం కదా. బ్లూటూత్ గేమ్ ప్యాడ్ ఉంటే కుడి స్టిక్‌కి ఆ బటన్లు కేటాయించండి.

ఇద్దరు ఆడాలంటే రెండు ఫోన్లూ ఒకే వైఫైలో ఉండాలి. ఒకదాంట్లో అడ్‌హాక్ సర్వర్ (రెండు ఫోన్లనీ ఆటలో కలిపే సెట్టింగ్) ఆన్ చేసి, దాని ఐపీ అడ్రస్ రెండోదాంట్లో కొట్టాలి.

ఒక్క మాట. పిల్లాణ్ని సేవ్ స్టేట్ (ఆటని ఏ క్షణంలోనైనా దాచుకుని మళ్లీ అక్కడికే వెళ్లే సౌకర్యం) మాత్రం వాడనివ్వొద్దు. దొరికితే వెనక్కి పోవచ్చని తెలిస్తే ఇంక ఆ టెన్షన్ ఎక్కడుంటుంది?

ప్రశ్న అడిగినవారు

సేవ్ తెరుచుకుంది అన్నా! శుక్రవారం అన్నకి సెలవు, వీడియో కాల్‌లో స్థావరం చూపించాను. వంటశాలలో ఎవరెవరున్నారో పేర్లు చదవమన్నాడు. చదివాను. "సరే, వాళ్లనెవర్నీ కదిలించొద్దని పిల్లోడికి చెప్పు" అన్నాడు.