పూయని చెట్టును ఎండబెట్టాలా, ఎరువు వేయాలా?

పెరటిపిచ్చి: మా పెరట్లో కాగితం పూల చెట్టు, మందారం, సంపెంగ ఉన్నాయి. మూడూ ఏపుగా పెరిగాయి, ఒక్కటీ సరిగ్గా పూయదు. కొన్నాళ్లు నీళ్లు మానేయమని ఒకరు, డీఏపీ వేయమని ఇంకొకరు చెబుతున్నారు. ఏది నమ్మాలి?

ఎండమావి: నీళ్లు ఆపేయండి. అడగ్గానే అన్నీ అందుతుంటే చెట్టు ఆకులే వేస్తుంది. మల్లె సాగు చేసేవాళ్లు చేసేది ఇదే కదా! నీళ్లు ఆపి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, ఆ తర్వాత తడి ఇస్తారు. కొత్త చిగురుతో పాటే మొగ్గలు వస్తాయి.

వేరుపురుగు: మల్లెకు సరే. కాగితం పూల చెట్టుకూ సరే, ఆకులు కాస్త వాలాక తడిపితే అది రంగులతో నిండిపోతుంది. (ఆ రంగు రేకులు నిజానికి ఆకులే. మధ్యలో సన్నగా, తెల్లగా గొట్టంలా ఉండేదే అసలు పువ్వు.) కానీ అదే వైద్యం మందారానికి చేస్తే ఉన్న మొగ్గలు కూడా రాలిపోతాయి. మూడు చెట్లకూ ఒకటే మందంటే ఎలాగండీ?

ఎండమావి: మొగ్గలున్నప్పుడు ఎండబెట్టమని నేననలేదే. మొగ్గలు లేవనే కదా వారి బాధ!

కుండీలరాణి: ఈ ఎండబెట్టడం నాకసలు నచ్చదు. పువ్వుకు భాస్వరం కావాలి. డీఏపీ గుప్పెడు వేయండి, రసాయనాలు వద్దనుకుంటే ఎముకల పొడి.

వేరుపురుగు: డీఏపీలో భాస్వరం 46 శాతం ఉంటే, నత్రజని కూడా 18 శాతం ఉందండీ. ఇప్పటికే ఆకు విరగబడి ఉన్న చెట్టుకు మళ్లీ ఆకును పెంచే నత్రజనా? పైగా మట్టిలో భాస్వరం మరీ ఎక్కువైతే ఇనుము, జింకు చెట్టుకు సరిగ్గా అందవు. లేత ఆకులు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే ఇనుము అందడం లేదని అనుమానించాలి. ఎముకల పొడి సంగతంటారా, క్షారగుణం ఉన్న నేలలో అది సరిగా కరగనే కరగదు. మట్టి పరీక్షలో కొరత తేలితే వేయండి, లేకపోతే డబ్బు దండగ.

అసలు ఎవరూ అడగని ప్రశ్న: పెరటిపిచ్చి గారూ, ఎండ ఎంతసేపు పడుతుంది? ఎప్పుడు కత్తిరిస్తారు? సంపెంగ గింజ మొక్కా, అంటు మొక్కా?

పెరటిపిచ్చి: గోడ పక్కన కాబట్టి పొద్దున రెండు గంటలు ఎండ పడుతుంది, అంతే. కొమ్మలు గోడ దాటగానే కత్తిరిస్తుంటాను. సంపెంగ గింజ నుంచి వచ్చిందే, ఇంకా నా భుజం దాకానే ఉంది. పక్కన లాన్‌కు యూరియా చల్లుతాం.

కుండీలరాణి: యూరియానా! అదీ నత్రజని ఎరువే, చెట్ల వేళ్లు లాన్ కిందికి కూడా పోతాయి కదండీ. సగం జవాబు అక్కడే ఉంది. నా డీఏపీ సలహా వెనక్కి తీసుకుంటున్నాను, ఎముకల పొడి మీద మాత్రం పట్టు వదలను.

వేరుపురుగు: మిగతా సగం ఎండలో ఉంది. కాగితం పూల చెట్టుకు కనీసం ఆరు గంటల నేరుటెండ కావాలి. నీడలో ఎంత ఎండబెట్టినా లాభం లేదు, పువ్వు కట్టడానికి చెట్టు దగ్గర పిండిపదార్థం ఉండొద్దూ? మందారం కొత్త కొమ్మల చివర పూస్తుంది, నెలనెలా చివర్లు తుంచేస్తే మొగ్గ నిలిచేదెప్పుడు? ఇక సంపెంగ. గింజ మొక్క పూతకు రావడానికి ఏడెనిమిదేళ్లు కూడా పట్టవచ్చు. అంటు మొక్క రెండు మూడేళ్లకే పూస్తుంది. ఈడు రాని చెట్టును ఎండబెడితే చచ్చేది చెట్టే.

కొమ్మచాటు: సంపెంగ కాండానికి ఇనుప మేకు కొట్టి చూడండి. చాలామంది చేస్తారు.

ఎండమావి: అది మాత్రం వద్దు. బెరడును వలయంగా కోస్తే ఆకులు తయారు చేసిన ఆహారం కిందికి దిగక పైనే నిలిచి మొగ్గ కడుతుందంటే అర్థం ఉంది. అదీ ముదురు కొమ్మకే చేయాలి. కాండం చుట్టూ వెడల్పుగా కోస్తే వేళ్లకు తిండి అందక చెట్టే పోతుంది. మేకుతో వచ్చేది చీడ పట్టే గాయం. కాగితం పూల చెట్టు విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. ఎండ తగిలే చోట కుండీలో కొమ్మ నాటండి, నిలదొక్కుకున్నాక నీళ్లు తగ్గించండి.

పెరటిపిచ్చి: కుండీ మేడ మీద పెడతాను. లాన్‌కు యూరియా ఆపేస్తున్నాను. సంపెంగకు అంటు మొక్క తెచ్చుకోవాలా, ఇదే పూసేదాకా ఆగాలా అన్నది ఇంట్లో తేలాలి.