ఈ వారం సమస్య: ఉప్పు వేయ వేయ నొప్పెఁ దీపి

నిర్వాహకుడు:
మిత్రులారా, క్రిస్మస్ వారం. అమెరికాలో ఉన్న మన సభ్యుల ఇళ్ళలో ఎర్రచారల పిప్పరమెంటు కర్రలు గుట్టలుగా పడి ఉంటాయి. పండగ పోయాక వాటిని ఏం చేయాలో తెలియక దంచి ఐస్‌క్రీంలో కలిపేస్తారని పోయిన ఏడాది ఒకరు రాశారు. అక్కడి నుంచే ఈ సమస్య పుట్టింది.

*ఉప్పు వేయ వేయ నొప్పెఁ దీపి.*

ఇది ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. పూరణలో ఇంట్లో చేసుకునే పిప్పరమెంటు ఐస్‌క్రీం కనిపించాలి. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు కుదరడమే యతి. ఈ పాదంలో ఉ-ఒ అచ్చులు కలిసే స్వరయతీ ఉంది, వాటి పక్క అక్షరాలు ప్పు-ప్పె కలిసే ప్రాసయతీ ఉంది. ముందు పాదాన్ని బట్టి 'నుప్పు' అని మార్చుకోవచ్చు.

కొత్తబాలుడు (డాలస్):
నమస్కారం. నా రెండో పద్యం ఇది. తప్పులుంటే మెల్లగా చెప్పండి.

పాలు పంచదార పాత్రలోఁ బోసితి
చుట్టు మంచుగడ్డ చుట్టఁబెట్టి
పిడిని తిప్పుచుండ బిగిసెను మీఁగడ
ఉప్పు వేయ వేయ నొప్పెఁ దీపి.

యతిభంగం (రాజమండ్రి):
బాబూ, గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. రెండో పద్యానికే ఇంత నడక రావడం మామూలు సంగతి కాదు. ఇక రెండు మాటలు. 'చుట్టు' అని మొదలుపెట్టి మళ్ళీ 'చుట్టఁబెట్టి' అన్నావు. యతి కుదరగానే సంబరపడి ఆగిపోయినట్టున్నావు. 'చుట్టు మంచుగడ్డఁ జొనిపి పెట్టి' అను. చు-జొ యతి నిలుస్తుంది, లోపలి పాల డబ్బాకీ బయటి బాల్చీకీ మధ్య సందులో మంచు కూరడం కూడా కళ్ళకు కడుతుంది. 'మీఁగడ' తరువాత 'ఉప్పు' అచ్చుతో వచ్చింది. అక్కడ వాక్యం ముగిసింది కనుక నేను పట్టించుకోను. చాదస్తులు 'యుప్పు' అనమంటారు. అలా అన్నా ప్రాసయతి కాపాడుతుంది.

అసలు లోటు వేరే ఉంది. పిప్పరమెంటు ఏదీ?

కొత్తబాలుడు:
చాలాసేపు కుస్తీ పట్టాను మాస్టారూ. ఆ మాట ఎక్కడా పట్టలేదు!

యతిభంగం:
పడుతుంది. పిప్పరమెంటు అంటే గురువు, రెండు లఘువులు, మళ్ళీ గురువు, లఘువు. సరి పాదాలన్నీ సూర్యగణాలే కదా, అంటే గురువు-లఘువు లేదా మూడు లఘువులు, వాటిలో అది ఇమడదు. బేసి పాదాల మొదటి మూడు గణాల్లోనూ ఇమడదు. బేసి పాదం చివర వచ్చే రెండు పెద్ద గణాల్లోనే, అంటే ఇంద్రగణాల్లోనే, దానికి చోటు. 'పిప్పర' భగణం (గురువు, రెండు లఘువులు), తరువాత 'మెంటును' ఇంకో భగణం. లేదా 'పి' ముందు గణం చివర గురువై, 'ప్పరమెంటు' సలం (రెండు లఘువులు, గురువు, లఘువు) కావాలి. మొదటి దారిలో వెళితే యతి 'పి' మీద పడుతుంది కనుక పాదాన్ని పి, బి, వె లాంటి వాటితో ఎత్తుకోవాలి. ఇంకా కాదంటే పాదం చివర 'పిప్పర' పెట్టి 'మెంటు'ను కింది పాదంలోకి దించుకోవచ్చు. అది చూడ్డానికి అంత బాగుండదు.

వంటింటి వ్యాకరణం (న్యూజెర్సీ):
మాస్టారు దారి చూపించాక ఆగలేకపోయాను.

వెన్నపాలలోనఁ బిప్పరమెంటును
దంచి వేయ నద్ది దాల్చె నెఱుపు
బయటి మంచులోన భక్తితో బావయు
నుప్పు వేయ వేయ నొప్పెఁ దీపి.

నిర్వాహకుడు:
భేష్ అక్కా! 'బయటి' అన్న ఒక్క మాటతో సమస్య విడిపోయింది. ఉప్పు తీపిలో పడలేదు, తీపి చుట్టూ పడింది. 'బావయు' అనడంతో ద్రుతం, అంటే చివరి నకారం, కూడా సహజంగా వచ్చి 'నుప్పు' అయింది.

యతిభంగం:
వె-పి యతి చక్కగా కుదిరింది. 'అద్ది' కాస్త పాతబడ్డ మాట. అయినా 'దంచి వేయ నద్ది' అని చదువుతుంటే రోట్లో దంచుతున్న చప్పుడే వినిపిస్తోంది, ఉండనీ. నాది ఒక వంటింటి సందేహం. ముందే దంచి పాలలో వేసేస్తే పలుకులు కరిగిపోవా?

వంటింటి వ్యాకరణం:
మంచి ప్రశ్న వేశారు మాస్టారూ. కరిగిపోతాయి, నేను మొదటిసారి చేసిన తప్పు అదే. పిప్పరమెంటు కర్ర అంటే ఉడికించి గట్టిపరచిన పంచదారే కదా. అంతా ముందే వేస్తే తీపి పెరుగుతుంది. తీపి పెరిగిన కొద్దీ పాలు గడ్డకట్టడానికి మరింత చలి కావాలి. ఎంతసేపు తిప్పినా జారుడుగానే ఉంటుంది.

ఇప్పుడేం చేస్తానంటే, కర్రల్ని మందపాటి సంచిలో వేసి అప్పడాల కర్రతో కొడతాను. తరువాత జల్లెడ పడతాను. కిందికి దిగిన గులాబి పొడి పాలలోకి వెళ్తుంది. పైన మిగిలిన పలుకులు, మినప్పప్పు గింజంత ఉన్నవి, ఐస్‌క్రీం దాదాపు తయారయ్యాక చివరి రెండు నిమిషాల్లో కలుపుతాను. అప్పుడవి పంటి కింద కరకరమంటాయి. జల్లించిన పలుకుల్ని మూతలేని గిన్నెలో మాత్రం వదలకండి. గాలిలో తడి పీల్చుకుని పొద్దునకల్లా ఒకే ముద్ద అవుతాయి. పొడిలో ఎలాగూ తీపి ఉంది కనుక పంచదార తగ్గిస్తాను. 2 కప్పుల మీగడకీ 1 కప్పు పాలకీ అర కప్పు చాలు. వాసనకు పిప్పరమెంటు సారం 1 చెంచా. సారం బదులు నూనె దొరికితే రెండు మూడు చుక్కలు మించకండి. ఒకసారి చెంచా పోసి చూశాను. పళ్ళు తోముకున్నట్టు ఉంది.

కొత్తబాలుడు:
అక్కా, బావగారు నిజంగానే తిప్పారా?

వంటింటి వ్యాకరణం:
నిజంగానే. గరాజ్ సేల్‌లో కొన్న చెక్క బాల్చీ అది. లోపల పొడవాటి డబ్బా, పక్కన పిడి. ఇలాంటి యంత్రానికి 1843లో ఫిలడెల్ఫియాలో నాన్సీ జాన్సన్ అనే ఆవిడ పేటెంటు తీసుకుంది. దాదాపు అదే పద్ధతి ఇప్పటికీ మా బావ చేతులు విరగ్గొడుతోంది. మొదట పది నిమిషాలు గాలిలో తిప్పినట్టు తేలిగ్గా ఉంటుంది. తరువాత పిడి బరువెక్కుతుంది. ఇక తిరగదనిపించిన చోట ఆపేయాలి.

చిటికెడు చింత (మెల్‌బోర్న్):
నేను ఇంకో దారిలో వచ్చాను. మా ఇంట్లో గిన్నెను ముందు రోజే ఫ్రీజర్లో పెట్టే యంత్రం ఉంది. మంచు, రాతి ఉప్పు గొడవ లేదు. కానీ తీపికి చిటికెడు ఉప్పు తగిలిస్తే రుచి తేలుతుంది కదా!

గుడ్డు సొనను గిలకఁ గొట్టి పాలనుఁ బోసి
మంచుపెట్టె నుంచి తెచ్చి గిన్నె
చివర రుచిని జూచి చిటికెడు చిటికెడు
ఉప్పు వేయ వేయ నొప్పెఁ దీపి.

యతిభంగం:
ఊహ బాగుంది. సమస్యను బయటినుంచి కాకుండా లోపలినుంచే విప్పారు. పద్యంలో మాత్రం రెండు చోట్ల కాలు జారింది. రెండో పాదంలో మం-తె యతి లేదు. మంచు, తెచ్చి చూసుకుని ప్రాసయతి అనుకున్నారేమో. సున్న ముందున్న చకారానికీ ద్విత్వ చకారానికీ ప్రాస కుదరదు. ఇక 'చిటికెడు' తరువాత 'ఉప్పు' వస్తే సంధి తప్పదు. 'చిటికెడుప్పు' అయితీరుతుంది, అప్పుడు మూడో పాదం చివర గణం చెడుతుంది. ఇలా సవరిస్తే సరి.

గుడ్డు సొనను గిలకఁ గొట్టి పాలనుఁ బోసి
గుండ్రమైన గిన్నెఁ గుమ్మరించి
చివర రుచిని జూచి చిటికెడు చొప్పున
నుప్పు వేయ వేయ నొప్పెఁ దీపి.

మంచుపెట్టెను వదులుకోక తప్పలేదు.

వంటింటి వ్యాకరణం:
నాదీ ఒక అభ్యంతరం. గిన్నెలో పోశాక చివర ఉప్పు వేస్తే ఎక్కడ కలుస్తుంది? సొన కలిపిన పాలను సన్నని సెగ మీద 80 డిగ్రీలు దాటకుండా కాస్తాం కదా, గరిటె వెనక పూతలా పట్టేదాకా. ఆ వేడిలోనే వేయాలి. పైగా 'వేయ వేయ' అంటే చిటికెళ్ళ లెక్క కాదు, గుప్పిళ్ళ లెక్క.

చిటికెడు చింత:
సవరణకు ధన్యవాదాలు మాస్టారూ. గుప్పిళ్ళ మాట ఒప్పుకుంటున్నాను అక్కా, కానీ పద్యం మార్చను.

విశ్రాంత భౌతికం (విశాఖపట్నం):
ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన అలవాటు, ఊరుకోలేక.

సున్న డిగ్రి వద్ద సుంతయుఁ గట్టదు
తీపి పాల గుణము తెలియవలయు
నిరువదొక్క మెట్టు లింకను దిగుటకు
నుప్పు వేయ వేయ నొప్పెఁ దీపి.

నిర్వాహకుడు:
ఆహా, మెట్లు దిగే చలి! 'తెలియవలయు' తరువాత 'నిరువదొక్క', 'దిగుటకు' తరువాత 'నుప్పు', రెండు చోట్లా ద్రుతం చక్కగా అతికింది. ఒక్క అనుమానం. తీపి పాలు గడ్డకట్టడానికి నిజంగా 21 మెట్లు కావాలా?

విశ్రాంత భౌతికం:
దొరికిపోయాను! అది ఉప్పు-మంచు మిశ్రమం దిగగలిగిన హద్దు, సున్నకు దిగువ 21 డిగ్రీలు. అక్కడికి చేరాలంటే ఉప్పునీటిలో నూటికి 23 పాళ్ళు ఉప్పు ఉండాలి. ఇంట్లో బాల్చీలో అంత దిగదు, దిగక్కర్లేదు కూడా. తీపి పాలు సున్నకు రెండు మూడు డిగ్రీల కింద గడ్డకట్టడం మొదలుపెడతాయి. పద్యంలో మూడు మెట్లు అంటే పస ఉండదని 21 వేశాను.

పిల్లలకు చెప్పినట్టే చెబుతాను. ఉప్పు తగిలిన మంచు సున్నకు దిగువన కూడా కరిగిపోతుంది. గ్రాము మంచు కరగాలంటే 80 కేలరీల వేడి కావాలి. ఆ వేడిని ఎక్కడినుంచో లాక్కోవాలి కదా, డబ్బాలోని పాలనుంచి లాక్కుంటుంది. అందుకే ఉప్పు లేని మంచు ఎంత పోసినా పాలు చల్లబడతాయి గానీ గట్టిపడవు. మన ఇళ్ళలోనూ దీనికి చుట్టం ఉంది. వాము పువ్వు, కర్పూరం, పిప్పరమెంటు పువ్వు మూడూ పొడిగా ఉంటాయి. ఒక సీసాలో వేసి కదిపితే నీళ్ళయిపోతాయి. అమృతధార అని అజీర్తికి చక్కెర మీద వేసి ఇచ్చేవారు. అక్కడా ఒకదాని సావాసంతో ఇంకొకటి కరిగే చోటు కిందికి దిగిపోవడమే.

ఇంకో తమాషా. పిప్పరమెంటులోని మెంథాల్ నోటిని నిజంగా చల్లబరచదు. చలిని పసిగట్టే నరాల కొసల్ని మీటి, చలి వచ్చిందని నమ్మిస్తుంది. ఐస్‌క్రీంలో అసలు చలి మీద ఈ దొంగ చలి కూడా కలుస్తుంది.

కొత్తబాలుడు:
నిన్న పిల్లలతో నేనూ చేశాను. బాల్చీ లేదు కనుక సంచిలో సంచి. చిన్న సంచిలో పాలు, పెద్ద సంచిలో మంచూ రాతి ఉప్పూ. తువ్వాలు చుట్టి పది నిమిషాలు ఊపాలి. తువ్వాలు ఎందుకులే అని మావాడు ఉత్త చేతులతో పట్టుకుని రెండో నిమిషంలో వదిలేశాడు. నేల మీద పడ్డ దెబ్బకు లోపలి సంచి మూల చిట్లింది, మాకు తెలియలేదు. విప్పి చూస్తే గులాబి రంగు బ్రహ్మాండంగా ఉంది. చెంచా నోట్లో పెట్టుకున్నాక తెలిసింది, సముద్రం! మాస్టారూ, ఆ ఐస్‌క్రీంకి మీ సమస్య చదివి వినిపించాలనిపించింది.

యతిభంగం:
సందులో ఉండాల్సినది గిన్నెలోకి వచ్చిందన్నమాట. మనం దాన్ని స్థానభ్రంశ దోషం అంటాం.

బీపీ బాబాయి (హ్యూస్టన్):
ఆలస్యంగా వచ్చాను, మన్నించండి. అమ్మాయి ఇంట్లో ఉన్నాం. డాక్టరు ఉప్పు మానమన్నాడు, ఇక్కడేమో నా చేతికే ఉప్పు సంచి ఇచ్చారు.

ఇంపుగాను మనుమఁ డిచ్చెఁ బిప్పరమెంటు
కఱ్ఱ; దంచి కలుపు కాలమందు
బీపి యున్న చేత భీతితో వణఁకుచు
నుప్పు వేయ వేయ నొప్పెఁ దీపి.

నిర్వాహకుడు:
బాబాయి గారూ, ఈ వారం కిరీటం మీదే!

యతిభంగం:
నేనూ ఒప్పుకుంటాను. పిప్పరమెంటును రెండో దారిలో కూర్చోబెట్టారు, 'పి' ముందు గణంలో గురువు, 'ప్పరమెంటు' సలం. దాని వెంటనే 'కఱ్ఱ' కింది పాదంలోకి జారడం కూడా బాగుంది. ఇక 'బీపి యున్న చేత'! బీపీ ఉండడం వల్ల అనీ, బీపీ ఉన్న చేతితో అనీ రెండు రకాలుగా చదువుకోవచ్చు. కావాలనే వేశారా, దానంతటదే పడిందా?

బీపీ బాబాయి:
దానంతటదే పడింది. ఇప్పుడు కావాలనే వేశానని చెప్పుకుంటాను.

వంటింటి వ్యాకరణం:
బాబాయి గారూ, ఇంతకీ తిన్నారా?

బీపీ బాబాయి:
రెండు కప్పులు. మీ పిన్ని ఈ దారం చదవదు.