క్షిపణికి గుడా, ఏత్వమా?

వేటపాలెం: అగ్ని-5 మీద వ్యాసం చదువుతూ 'క్షిపణి' దగ్గర ఆగిపోయాను. చిన్నప్పుడు తాతయ్య అమరం (సంస్కృత నిఘంటువు అమరకోశం) వల్లె వేయించేవారు. అందులో నీళ్లకి సంబంధించిన మాటలుండే 'వారివర్గం'లో 'నౌకాదండః క్షేపణీ స్యాత్' అనా, 'క్షిపణీ' అనా? అర్థం తెడ్డే, అందులో అనుమానం లేదు. నా నోటికి మాత్రం 'క్షి' అనే వస్తోంది. రెండు రోజులుగా ఇదే తొలిచేస్తోంది.

కంచన్‌బాగ్: 'క్షేపణీ స్యాదరిత్రం కేనిపాతకః'. ఏత్వమే.

డాలస్: అమరం శ్లోకాలు అనుష్టుప్పు, అందులో ఐదో అక్షరం లఘువు కావాలి కదండీ. నౌ-కా-దం-డః తర్వాత ఐదోది ఇదే. 'క్షే' గురువు. కాబట్టి 'క్షి' పాఠాన్ని తోసిపుచ్చలేం.

నెల్లూరు: అలాగైతే ఆరోది గురువు కావాలి నాయనా. 'ప' ఏ పాఠంలో గురువవుతుంది? ఇది విపుల, అంటే మామూలు నడకకి ఒప్పుకున్న మినహాయింపు. బేసి పాదంలో 5, 6, 7 అక్షరాలు గురువు-లఘువు-గురువుగా రావచ్చు. నువ్వు 'క్షి' పెడితే లఘువు-లఘువు-గురువు అవుతుంది, అది ఏ విపులలోనూ ఇమడదు. ఛందస్సు క్షేకారం వైపే ఉంది.

వేటపాలెం: మరి పేపర్లలో రాసే 'క్షిపణి' తప్పా మాస్టారూ?

విశాఖ: తప్పెందుకవుతుందండీ, అమరం కంటే పాత మాట! ఋగ్వేదం 4.40లో దధిక్రా అనే గుర్రం మెడకీ చంకకీ నోటికీ కట్లున్నా 'క్షిపణిం తురణ్యతి', దూసుకుపోతుంది. అక్కడ క్షిపణి అంటే కొరడా దెబ్బ అని ఒక అర్థం. దీనికి చేరిన ఉణాది ప్రత్యయం కిత్తు, అంటే గుణాన్ని అడ్డుకునేది. కాబట్టి గుణం రాలేదు, ఇకారం ఏకారం కాకుండా నిలిచింది. ముందున్న షకారం వల్ల 'ని' కాస్తా 'ణి' అయింది. 'క్షిపని' అని రాసేవాళ్లు దయచేసి ఇది గమనించాలి.

కంచన్‌బాగ్: ఉద్యోగమంతా వీటి మధ్యే గడిచింది, నాకు తెడ్డు అర్థమే నచ్చుతుంది. క్షిపణి తోక దగ్గర చిన్న రెక్కలుంటాయి. అవి కాస్త తిరిగితే చాలు, గాలి ఒత్తిడికి తోక పక్కకి జరిగి ముక్కు రెండో వైపు మళ్లుతుంది. పడవవాడు వెనక కూర్చుని తెడ్డు ఏటవాలుగా పట్టినట్టే. దారి సరిచేసే ఏర్పాటు లేని మామూలు రాకెట్‌ని వదిలాక ఇక దారి మార్చలేం, క్షిపణిని మార్చగలం. పైగా పీఎస్‌ఎల్‌వీని వాహక నౌక అంటున్నాం. నౌక ఉన్నచోట తెడ్డుకి చోటుండాలి కదా.

అనంతపురం: 'క్షిప్' అంటే విసరడమే కదా. విసిరేదే కావాలంటే మనకి వడిసెల ఉంది. మా నాన్న జొన్నచేలో మంచె మీద నిలబడి తిప్పేవాడు. పేనిన తాడు, మధ్యలో రాయి పెట్టే గూడు. ఒక కొస వేలికి తగిలించుకుని, గిరగిరా తిప్పి రెండో కొస వదిలేయడమే. తమిళులు చక్కగా 'ఏవుకణై' అనుకున్నారు, కణై అంటే బాణం. మన కావ్యాల్లోనూ బాణం 'ఏస్తారు'. ఆ ధాతువుని ఎందుకు వదిలేశామో!

నెల్లూరు: ఏయడం అంటే తిక్కన యుద్ధపర్వాలే చదవాలి. మా ఊరి కవి అని చెప్పడం కాదు. విరాటపర్వంలో 'సింగంబాకటితో' పద్యం చూడండి. అర్జునుడు ఒంటరిగా కౌరవసేన మీదికి వస్తున్నాడు. పద్యం మొత్తంలో ఒక్క అస్త్రం పేరు లేదు! గుహలో ఆకలితో పడి ఉన్న సింహం ఏనుగుల గుంపుని చూసి లేచింది, అంతే. బలం ఎంతో చెప్పడానికి అమ్ములపొది లెక్క అక్కర్లేదని ఆయనకి తెలుసు.
అన్నట్టు, 'పినాకోఽజగవం ధనుః' కూడా అమరమే. పినాకం బాణం కాదు, శివుడి విల్లు. సైన్యంలో పినాక అంటే 44 సెకన్లలో 12 రాకెట్లు వదిలే లాంచర్. రాకెట్లని వదిలే లాంచర్‌కి వింటి పేరు పెట్టినవాళ్లకి నమస్కారం. మా పెన్న కూడా పినాకినే.

విశాఖ: నది అంటే గుర్తొచ్చింది, బ్రహ్మోస్ క్షిపణి పేరుని బ్రహ్మాస్త్రం అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అది బ్రహ్మపుత్ర, రష్యాలోని మాస్క్వా నదులు కలిసిన పేరు.

కంచన్‌బాగ్: నెల్లూరు మాస్టారూ, 1988లో పృథ్వి క్షిపణిని మొదట ఎగరేసింది మీ శ్రీహరికోట నుంచే. ఇప్పుడది తిరుపతి జిల్లాలో ఉందనుకోండి.

వేటపాలెం: అందరికీ దండాలు. మరి నా నోట 'క్షి' ఎలా పడింది? తాతయ్య అలాగే చెప్పారా, లేక పేపర్ల మాట పాత పాఠాన్ని చెరిపేసిందా? ఆయన అమరం అటక మీదే ఉంది. పండక్కి వెళ్లినప్పుడు దింపి చూస్తాను.

డాలస్: ఆ పేజీ ఫోటో పెట్టండి. విపుల సంగతి నేనింకా ఒప్పుకోలేదు.